గిరివలం దారిలో వేడినీళ్ళ ఇల్లు

ఊరి పేరు తిరువణ్ణామలై అయినా మన తెలుగువాళ్ళకి అది అరుణాచలమే. తిరుపతిలో బస్సెక్కితే చిత్తూరు, వేలూరు మీదుగా నాలుగైదు గంటల ప్రయాణం. పంచభూత లింగాల్లో ఇది అగ్నిలింగం. కొండే శివుడని నమ్మకం కాబట్టి గుళ్ళో దర్శనం ఎంత ముఖ్యమో, కొండ చుట్టూ తిరగడం అంత ముఖ్యం. దాన్నే తమిళులు గిరివలం అంటారు. చెప్పుల్లేకుండా 14 కిలోమీటర్లు నడవాలి. దారిలో ఇంద్రలింగం మొదలు ఈశాన్యలింగం దాకా ఎనిమిది లింగాలకి దణ్ణం పెట్టుకుంటూ, కొండ మన కుడిచేతి వైపు ఉండేలా నడుస్తారు.

పౌర్ణమి వస్తే ఆ వీధుల్లో మన మాటే ఎక్కువ వినపడుతుంది. 2023 గురుపౌర్ణమికి తెలంగాణ ఆర్టీసీ హైదరాబాదు నుంచి ప్రత్యేక బస్సులే వేసింది. మా ఆడపడుచూ నేనూ ఈ మధ్య తెనాలి నుంచి వెళ్ళాం. రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారుజామున 5 గంటలకి దిగేసరికి ఒళ్ళంతా జిడ్డు, కాళ్ళు వాచిపోయాయి. లాడ్జీల్లో పౌర్ణమి రేటు, అదీ రోజంతటికీ కట్టాలట. మాకు కావలసింది ఒక గంట! ఆటో అతనే మమ్మల్ని ఒక సందు చివర ఇంటి ముందు దింపాడు. గేటుకి అట్టముక్క మీద తెలుగులో రాసుంది: "వేడినీళ్ళు, స్నానం, సామాను భద్రం."

ఆవిడది ఒంగోలు వైపు. యాభై దాటి ఉంటాయి. 2022లో భర్త ప్రైవేటు ఉద్యోగం పోయాక, స్వామి దగ్గరే ఉందామని ఇద్దరూ వచ్చేశారట. స్వామి దగ్గర ఉన్నా ఇంటివాడికి నెల తిరిగేసరికి 9 వేలు అద్దె ఇవ్వాలిగా! చేతిలో ఉన్నది నాలుగు నెలలకి సరిపోతుంది. అమ్మాయి డిగ్రీ రెండో ఏడు.

"ఏం అమ్మాలో తెలియకుండానే డబ్బు పుచ్చుకోవడం మొదలెట్టానమ్మా" అని నవ్వింది, కాఫీ గ్లాసులు అందిస్తూ. భోజనాలు పెట్టాలా, గదులు అద్దెకివ్వాలా, ఏదీ తేలలేదు. ఊరి నుంచి తెచ్చుకున్న రాగి బాయిలరు మాత్రం పెరట్లో ఉంది. ఇంటివాళ్ళని అడిగి ఒప్పించుకుని, వచ్చిన మొదటి పౌర్ణమికే మనిషికి 50 రూపాయల చొప్పున వేడినీళ్ళు ఇచ్చింది. 11 మంది వచ్చారు. 550 రూపాయలు. కట్టెలూ సబ్బులూ పోను మిగిలింది తక్కువే, కానీ ఆ 11 మందీ వెళుతూ వెళుతూ ఏదో ఒకటి అడిగారట. సంచులు ఉంచుతారా అని ఒకరు, మా అత్తగారు నడవలేరు ఆటో చూస్తారా అని ఒకరు, పప్పన్నం దొరుకుతుందా అని నలుగురు.

అవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. ఒక పేజీ 'అడిగినవి', ఎదురు పేజీ 'డబ్బిచ్చినవి'. ఆ పుస్తకం మాకు చూపించింది. నాకు ఆ ప్రయాణంలో గోపురాల తర్వాత అంత నచ్చింది అదే.

భోజనం సంగతే చూడండి. అడిగినవాళ్ళు బోలెడు, తినడానికి వచ్చేవాళ్ళు సగం. దర్శనం లైను ఎప్పుడు తెములుతుందో ఎవరికీ తెలియదాయె. ఆవిడ పన్నెండింటికి వడ్డన సిద్ధం చేస్తే వాళ్ళు మూడింటికి వస్తారు, లేదంటే అటునుంచి అటే బస్సెక్కేస్తారు. రెండు పౌర్ణములు చూసి వంట మానేసింది. ఇప్పుడు ఉదయం 7 లోపు చెప్పి డబ్బు కట్టినవాళ్ళకే పప్పు, ఒక కూర, చారు, గోంగూర పచ్చడి. తిండి పెడుతున్నాం కదా అని ఆహార రిజిస్ట్రేషను కూడా చేయించుకుంది.

ఎవరూ అడగనిది ఒకటి బాగా కుదిరింది. గిరివలం అయ్యాక అర్ధరాత్రి తిరిగొచ్చేవాళ్ళకి బకెట్లో ఉప్పు వేసిన వేడినీళ్ళు, కాళ్ళు పెట్టుకోవడానికి ఒక బల్ల, అల్లం టీ. మొదట ఊరికే ఇచ్చింది. మూడోసారి 30 రూపాయలని చెబితే ఒక్కరూ కాదనలేదట. ఎందుకంటారు? నడిచిన నా అరికాళ్ళని అడగండి!

స్నానానికీ సామానుకీ కలిపి ఇప్పుడు పౌర్ణమికి 120, మామూలు రోజుల్లో 80. సంచికి ఒక నంబరు చీటీ, మన చేతికి ఒకటి.

అన్నీ సాఫీగా జరిగాయనుకోకండి. 2024 డిసెంబరు 1న ఫెంగల్ తుపాను వానలకి అరుణగిరి మీద కొండచరియలు విరిగి, కింద ఇళ్ళ మీద పడి ఏడుగురు పోయారు. ఆ నెల 13న కార్తీక దీపం. దానికోసం ముందే డబ్బు పంపినవాళ్ళు రామని ఫోన్లు. ఆ డబ్బుతో సరుకులు కొనేసి ఉంది. రెండు విడతల్లో అందరికీ తిరిగి ఇచ్చేసింది, అద్దెకి మాత్రం గాజులు కుదువ పెట్టింది. అప్పటినుంచీ అడ్వాన్సు పావువంతే, అదీ వాళ్ళు గుమ్మం తొక్కేదాకా స్టీలు డబ్బాలోంచి తీయదు.

మా ఆడపడుచు ఏడాదిగా ఇంటి ఫంక్షన్లకి వంటలు చేసిపెట్టే పని మొదలెట్టాలని చూస్తోంది. ఐదు రకాల మెనూలు రాసింది, బోర్డు రంగు కూడా అనుకుంది, రూపాయి రాలేదు. ఆవిడ మాటలు వింటూ ఉండబట్టలేక అడిగింది: "అక్కయ్యగారూ, అన్నీ సిద్ధం కాకుండా డబ్బు తీసుకుంటే మాట రాదూ?"

"ఉన్నది శుభ్రంగా ఇస్తే ఎందుకొస్తుందమ్మా? నా దగ్గర గది లేదని గేటు దగ్గరే చెబుతా. నీళ్ళు వేడిగా లేకపోతే అప్పుడు అనాలి. నీకు బాగా కుదిరేది ఏది?"

"పులిహోర, బొబ్బట్లు."

"మరింకేం! పదిమందికి ఆ రెండే చేసివ్వు. మూడోది ఏమిటో వాళ్ళే చెబుతారు."

వదిన ఏమీ అనలేదు గానీ ఆవిడ నోటుపుస్తకం ఇంకోసారి తిరగేసింది.

మీరు వెళితే పౌర్ణమి కాని రోజు చూసుకోండి, దర్శనం తేలిక. రమణాశ్రమం, పైన విరూపాక్ష గుహ, స్కందాశ్రమం కూడా తీరిగ్గా చూడొచ్చు. సాయంత్రం నడక మొదలెడితే ఎండ బాధ ఉండదు.

మేము బయల్దేరే ముందు ఇంటివాళ్ళు పై వాటా ఖాళీ అయిందని, తీసుకోమని ఆవిడతో అంటున్నారు. ఇంకో 7 వేలు. "మూడు పౌర్ణములు రోజు అద్దెకి ఇవ్వండి, చూసి చెబుతా" అంటోంది ఆవిడ. వాళ్ళింకా ఒప్పుకోలేదు.