పరుపు కుట్టిన పజామాలో పర్సెల్‌విల్ దాకా

వాషింగ్టన్ డి.సి. చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళకి హెర్న్‌డన్, యాష్‌బర్న్, లీస్‌బర్గ్ పేర్లు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ఊళ్ళన్నిటినీ పూలదండలో దారంలా కలుపుతూ పోయే దారి ఒకటుంది. అసలు పేరు వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ ట్రెయిల్. ఆర్లింగ్టన్‌లో షర్లింగ్టన్ దగ్గర మొదలై, పడమరగా 45 మైళ్ళు సాగి, పర్సెల్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఆగుతుంది. దీని మీద కార్లు నడవవు. నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, వియన్నా దాటాక పక్కనున్న కంకర బాటలో గుర్రాలవాళ్ళు, అంతే.

పిల్లలూ, ఇది ఒకప్పటి రైలు దారి! 1860లో లీస్‌బర్గ్ దాకా రైలు వచ్చింది. 1968లో ఆగిపోయింది. పట్టాలు పోయిన చోట బాట వేశారు. 1974లో ఫాల్స్ చర్చ్‌లో మొదటి ముక్క తెరిచారు, 1988 నాటికి అది పర్సెల్‌విల్ దాకా చేరింది. వియన్నాలో ఆ రైళ్ళ కాలాన్ని గుర్తుచేస్తూ ఒక ఎర్ర గార్డు పెట్టె ఇప్పటికీ నిలబడి ఉంటుంది.

రైలు నిటారు మెట్ట ఎక్కలేదు కాబట్టి ఈ దారి ఎక్కడా గుండెలు అదిరేలా లేవదు. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకి అదే వరం. కానీ ఆ వరంలోనే ఒక చిక్కుంది. కొండ దారిలో అయితే ఎక్కేటప్పుడు పెడళ్ళ మీద లేచి నిలబడతాం, దిగేటప్పుడు కాస్త సేదతీరతాం. ఇక్కడ లేచే అవసరమే రాదు. గంటల తరబడి బరువంతా సీటు మీదే!

కిందటి అక్టోబరులో మేం ఆరుగురు ఆడవాళ్ళం హెర్న్‌డన్ పాత స్టేషన్ దగ్గర బయల్దేరాం. అక్కణ్ణించి పర్సెల్‌విల్ దాదాపు 25 మైళ్ళు. యాష్‌బర్న్ వచ్చేసరికే జీన్స్ వేసుకొచ్చిన ఇద్దరూ దిగిపోయారు. "కాళ్ళు బాగానే ఉన్నాయి వదినా, కూర్చోవడమే నా వల్ల కావడం లేదు" అంది ఒకావిడ. జీన్స్‌లో నాలుగు కుట్లూ కలిసే మందపాటి ముడి సరిగ్గా ఒరుసుకునే చోటే ఉంటుంది మరి. తక్కిన నలుగురం లోపల ప్యాడ్ కుట్టిన సైక్లింగ్ టైట్స్‌లో ఉన్నాం. లీస్‌బర్గ్ తరవాత క్లార్క్స్ గ్యాప్ దాకా చిన్న ఎక్కుడుంది, ఈ దారి మొత్తానికీ అదే ఎత్తైన చోటు. అదీ దాటి పర్సెల్‌విల్ పాత స్టేషన్ ముందు దిగాం.

ఆ టైట్స్ మొదటిసారి చూసి మా అత్తగారు, "ఇదేం పజామా అమ్మాయ్, లోపల పరుపు కుట్టారూ?" అని నవ్వారు. అంతలోనే, "మా ఊళ్ళో నాట్లకి దిగేవాళ్ళు చీర గోచీ పోసి కట్టేవాళ్ళులే. పనికి తగ్గ కట్టు" అన్నారు. ఒక్క మాటలో తేల్చేశారు!

ఈ దేశంలోనూ ఆ మాట నెగ్గడానికి కాలం పట్టింది. 1894లో బోస్టన్ నుంచి ఆనీ లండన్‌డెరీ అనే ఆవిడ సైకిలు మీద ప్రపంచయాత్రకి బయల్దేరింది. మొదట పొడుగు స్కర్టు, 42 పౌన్ల బండి. షికాగోలో తేలిక బండికి మారింది, స్కర్టు వదిలి బ్లూమర్లు తొడిగింది. ఆ తరవాతా సైకిళ్ళు చాలాకాలం మగవాళ్ళ కొలతలకే తయారయ్యాయి. 1985లో న్యూయార్క్ రాష్ట్రంలో జార్జీనా టెర్రీ అనే ఇంజనీరు ఆడవాళ్ళ కొలతలకి సైకిళ్ళు చేసే కంపెనీ పెట్టింది.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. ఆ ప్యాడ్‌ని 'షామీ' అంటారు. పూర్వం షామ్వా అనే కొండమేక జాతి జంతువు తోలుతో చేసేవారు, ఇప్పుడంతా కృత్రిమ ఫోమ్. ఆడవాళ్ళకి కూర్చునే ఎముకలు సాధారణంగా ఎడంగా ఉంటాయి. అందుకని వాళ్ళ ప్యాడ్ వెనక వెడల్పుగా ఉండాలి. మావారివి చాల్లే అనుకుంటే కుదరదు. ప్యాడ్ ఎంత మందమైతే అంత సుఖమనీ అనుకోకండి. మరీ మెత్తనిది నలిగి అణిగిపోతుంది. ప్యాడ్ ఒంటికి అంటిపెట్టుకుని ఉండాలి. వదులైతే జరిగి ఒరుస్తుంది, బిగుతైతే నడుము దగ్గర కోస్తుంది. అద్దం ముందు నిలబడితే డయపర్ కట్టినట్టే ఉంటుంది, కంగారుపడకండి. సైకిలు మీద ఉన్నట్టు ముందుకి వంగి చూడండి. వెనక నడుము కనబడకూడదు, మోకాలి వెనక మడతలు పడకూడదు. మనలో పొట్టివాళ్ళకి 'పెటీట్' కొలతలు నప్పుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, దీని లోపల లోదుస్తులు వేసుకోకూడదు. ఆ కుట్లే పుండ్లు చేస్తాయి. ఇంటికి రాగానే ఉతకాలి. ఫాబ్రిక్ సాఫ్టెనర్ వాడితే గుడ్డ చెమట పీల్చడం మానేస్తుంది. కొన్ని టైట్స్‌కి ప్యాడ్ ఉండదు, లేబుల్ చూసుకోండి. అలాంటివి చలిలో ప్యాడ్ ఉన్న షార్ట్స్ మీద తొడగడానికి. ఒంటికి అతుక్కునే బట్ట అని మొహమాటంగా ఉంటే పైన పొట్టి స్కర్టు వేసుకోవచ్చు. పొడుగు కుర్తీ మాత్రం వద్దు, సీటుకో చక్రానికో చిక్కుతుంది. ఇన్ని చేసినా తిమ్మిరి తగ్గకపోతే సీటు ఎత్తు, వెడల్పు సరిచూపించుకోండి. చెడ్డ సీటుని ఏ ప్యాడూ బాగుచెయ్యలేదు.

యాష్‌బర్న్‌లో దిగిపోయిన ఆ ఇద్దరూ ఏప్రిల్‌లో మళ్ళీ వచ్చారు, టైట్స్ వేసుకుని. ఈసారి ఆరుగురం చేరాం. చాలా ఇళ్ళల్లో అలా జరగదు. ఫలానా చోట నొప్పి అని షాపులోనూ అడగలేక, ఇంట్లోనూ చెప్పలేక, ఆడవాళ్ళు సైకిలే మానేస్తారు. "అమ్మకి ఓపిక లేదు" అనే పేరు మిగులుతుంది. మీ గరాజులో గోడకి ఆనించిన సైకిలు ఒకటుంటే, పిల్లలూ, అమ్మని తొందరపెట్టకండి. ఎక్కడ ఇబ్బందిగా ఉందో అడగండి. రైలు పోయినా దారి అక్కడే ఉంది, పర్సెల్‌విల్ ఎక్కడికీ పోదు.