నడుమ నిలిచినవాడు

మీ యింట మిరప పండించువారున్నయెడల కమీషను ఏజెంటు అను మాట మీకు క్రొత్తది కాదు. సరుకు రైతుది, సొమ్ము వర్తకునిది. ఆ యిద్దరి నడుమ నిలిచి ధర పలికించువాడు ఏజెంటు. మంచివాడు దొరికెనా, గుంటూరు యార్డులో బస్తాలు దింపిన రైతు నిశ్చింతగా ఇల్లు చేరును. అట్టివాడు దొరకనియెడల ఏమగునో మీరు నాకంటె బాగుగా ఎరుగుదురు. పుస్తకములకు కూడ ఇట్టి ఏజెంటులు కలరని మాత్రము మీలో అనేకులు వినియుండరు.

గత వేసవిలో మా సంఘపు యౌవనస్థుడొకడు తల్లిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. అతడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, రాత్రులు మేలుకొని ఇంగ్లీషులో ఒక నవల వ్రాసెను. లండనులోని ఒక సాహిత్య ఏజెంటు దానిని చదివి, ప్రచురణకర్తలకు చూపెదనని ఒప్పుకొని, ఒడంబడిక కాగితములు పంపెను. తల్లి ముఖములో దిగులు కనబడెను.

“అయ్యగారూ, మావాడు రెండేళ్లు నిద్ర మానుకొని రాసినాడు. వచ్చేదాంట్లో నూటికి పదిహేను ఆ దొరకు ఇయ్యాలంట. ఇది మోసం కాదా?” అని ఆమె అడిగెను.

ఆమె అడిగినది న్యాయమైన ప్రశ్నయే. గనుక నాకు తెలిసినంతమట్టుకు చెప్పితిని. ఇంగ్లాండు, అమెరికా దేశములలో పెద్ద ప్రచురణ సంస్థలు అనేకము రచయిత తానై పంపిన వ్రాతప్రతిని చూడవు. ఏజెంటు దానిని చదివి, లోపములు చెప్పి, తగిన ప్రచురణకర్తను వెదకి, బేరమాడి, ఒడంబడికలోని షరతులను పరిశీలించును. 19వ శతాబ్దపు చివరి భాగమున లండనులో ఎ. పి. వాట్ అనునతడు ఈ వృత్తికి బాట వేసెను. ఆ దినములలో కమీషను నూటికి 10. ఇప్పుడు స్వదేశపు అమ్మకములమీద సాధారణముగా నూటికి 15, పరదేశపు హక్కులమీద తరచుగా 20. అయితే రచయితకు సొమ్ము వచ్చినప్పుడే ఏజెంటుకును వచ్చును. చదువుటకు ఇంత రుసుమని ముందుగానే డబ్బు అడుగువాడు నమ్మదగినవాడు కాడు.

“నిన్ను ముందు డబ్బేమైనా అడిగినాడా?” అని కుర్రవానిని అడిగితిని. “లేదండి” అనెను. తల్లి ఊపిరి పీల్చుకొనెను.

అప్పుడు అతడు తలవంచుకొని మరియొక మాట అడిగెను. “ఆయన మూడు అధ్యాయాలు తిరిగి రాయమంటున్నారండి. ఈలోగా ఆయనకు చెప్పకుండా ఇంకొకరికి కూడా పంపితే తప్పా?”

చదువరీ, ఆ ప్రశ్న నా గుండెకు తగిలెను. ఏలయనగా పదునెనిమిది ఏండ్ల క్రిందట నేను చేసిన పని అదే.

అప్పుడు నేను పల్లెలలో చూచిన వృద్ధుల జీవితములగూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసితిని. మన తెలుగునాట సాహిత్య ఏజెంటుల వాడుక అంతగా లేదు. రచయిత తానే అచ్చుకూటమునకు పోవును, లేదా తెలిసినవారినెవరినైన నడుమ పెట్టుకొనును. నాకు అట్లు సహాయపడినవారు పట్నములోని ఒక విశ్రాంత ఉపాధ్యాయులు. మాస్టారు నా వ్రాతను రెండుమారులు చదివి, పెన్సిలుతో దిద్ది, ఒక ప్రచురణకర్తను ఒప్పించిరి. పైసా కోరలేదు. చివరి అధ్యాయములు ఇచ్చుట ఒక్కటే నాకు మిగిలిన పని. “వచ్చే నెల” అని నేను నాలుగు నెలలు చెప్పితిని. అంతటితో ఆగక, ఈ పని సాగదేమోనను భయముతో, మరియొక ఊరిలోని ప్రచురణకర్తకు ఒక ప్రతిని రహస్యముగా ఇచ్చితిని. ఆ సంగతి మొదటివారికి తెలిసిపోయెను.

మాస్టారు ఎండలో బస్సు దిగి మా యింటికి వచ్చి, మజ్జిగ త్రాగి, మెల్లగా ఇట్లనిరి: “అయ్యగారూ, మీరు వేరేచోట ఇచ్చినందుకు కాదు నా బాధ. మీ తరపున నేను అక్కడ మాట ఇచ్చి వచ్చినాను. ఇప్పుడు నా మాట ఏమైంది?”

నేను క్షమాపణ అడుగవలసినది. అడుగక, “నా పుస్తకం, నా ఇష్టం” అంటిని. ఆయన గొడుగు తీసికొని వెళ్లిపోయిరి.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. వేదాంత కళాశాల గ్రంథాలయములో చదివిన ఒక రచయిత కథ నాకు జ్ఞాపకమునకు వచ్చెను. జోసెఫ్ కాన్రాడ్ 1857లో పోలండు జాతి తలిదండ్రులకు పుట్టెను. ఓడలలో పనిచేయుచు, ఇరువది యేండ్లు దాటినతరువాత ఇంగ్లీషు నేర్చుకొని, ఆ భాషలోనే నవలలు వ్రాసెను. 1900 మొదలుకొని జె. బి. పింకర్ ఆయనకు ఏజెంటు. కాన్రాడ్ మెల్లగా వ్రాయువాడు, తరచుగా జబ్బుపడువాడు, అప్పులవాడు. పుస్తకములు పూర్తికాకమునుపే పింకర్ ఆయనకు సొమ్ము పంపుచుండెను. ఆ బాకీ 2,700 పౌండ్ల దరిదాపునకు పెరిగెను. చిన్నకథగా మొదలుపెట్టిన ‘అండర్ వెస్టర్న్ ఐస్’ రెండేండ్లయినను ముగియలేదు. 1909 డిసెంబరులో పింకర్ ఓర్పు నశించి, వ్రాతప్రతి త్వరగా రానియెడల సొమ్ము ఆపెదననెను. అట్లయిన దానిని నిప్పులో వేసెదనని కాన్రాడ్ ఒక మిత్రునికి వ్రాసెను.

1910 జనవరిలో ఇద్దరును ముఖాముఖిగా పోట్లాడుకొనిరి. ఆ కోపములో పింకర్ ఆయనను “ఇంగ్లీషులో మాటలాడుము” అన్నట్లు ఎత్తిపొడిచెను. పరభాషను కష్టపడి నేర్చి, దానికే జీవితమును ధారపోసినవానికి ఆ మాట బల్లెపుపోటు ఆయెను. కాన్రాడ్ ఇంటికి వెళ్లి మంచమెక్కి, తన నవలలోని మనుష్యులతో మాటలాడుచు పలవరించెను. కోలుకొనినతరువాత పింకరుకు వ్రాసినప్పుడు, పేరు పెట్టి పిలువక, పరాయివానికి వ్రాసినట్లు “అయ్యా” అని వ్రాసెను. సుమారు రెండేండ్లు ఆ యెడబాటు తీరలేదు.

తప్పు ఎవరిది? పింకర్ మేలుచేసినవాడే, గాని ఒక్క మాటతో పదేండ్ల మేలును మరుగుపరచెను. కాన్రాడ్ గొప్ప రచయితయే, గాని నిలుపుకొనలేని గడువులను మరల మరల ఇచ్చెను. అయినను వారు సమాధానపడిరి. 1914లో ‘ఛాన్స్’ అను నవల విస్తారముగా అమ్ముడుపోయి, కాన్రాడ్ కష్టములు తీరెను. 1922లో పింకర్ న్యూయార్కులో మరణించినప్పుడు కాన్రాడ్ దుఃఖించినది ఏజెంటు కొరకు కాదు, స్నేహితుని కొరకు.

యిర్మీయాకు బారూకు ఉండెను గదా. ప్రవక్త నోటిమాటను వ్రాసి, ప్రవక్త పోలేని చోటికి దానిని తీసికొనిపోయి చదివినవాడు అతడే. యెహోయాకీము రాజు ఆ గ్రంథమును కాల్చినప్పుడు ఇద్దరును కలిసి మరల వ్రాసిరి. ఒకరి నొకరు నమ్మినందుననే అది సాధ్యమాయెను.

మరుసటి వారము నేను మాస్టారి యింటికి వెళ్లి, “తప్పు నాది” అని చెప్పితిని. ఆయన లేచి కుర్చీ వేసిరి. ఇద్దరు ప్రచురణకర్తలును అప్పటికే వెనుకకు తగ్గిరి, పుస్తకము అచ్చుపడలేదు. గాని ఆయన కన్నుమూయువరకు మా స్నేహము నిలిచెను. ఆయన పెన్సిలు గురుతులున్న ఆ వ్రాతప్రతి నా పెట్టెలో ఇప్పటికిని ఉన్నది.

ఇదంతయు కుర్రవానికి చెప్పి, ఇట్లంటిని: “బాబూ, సంతకం పెట్టకముందే అన్నీ అడుగు. లెక్క ఎప్పుడు చూపుతాడు, ఎక్కడెక్కడ చూపిస్తాడు, ఇష్టం లేకపోతే విడిపోవడం ఎట్లా, అన్నీ కాగితం మీద ఉండాలి. నీవు ఇయ్యగలిగిన గడువే ఇయ్యి. ఆలస్యమైతే ఆయన అడగకముందే నీవు చెప్పు. దిద్దుబాటు నచ్చకపోతే కారణం చెప్పి కాదను. చాటుగా మాత్రం ఏమీ చేయకు. నీ పేరుతో మాట ఇచ్చేది ఆయన.”

అతడు ఆ సాయంకాలమే ఏజెంటుకు ఈమెయిలు వ్రాసెను. రెండు అధ్యాయములు మార్చెదననియు, మూడవది ఎందుకు మార్చలేనో చెప్పియు, మూడు నెలల గడువు అడిగెను. ఏజెంటు మూడవ అధ్యాయము సంగతి ఒప్పుకొని, గడువుకు సమ్మతించెను. పుస్తకము ఇంకను ఎక్కడను అమ్ముడుపోలేదు. పోవునో లేదో నాకు తెలియదు. అయితే గడువుకు వారము ముందే అతడు పని ముగించి పంపెనని తల్లి వచ్చి చెప్పెను.

చదువరీ, మీరు నవలలు వ్రాయకపోవచ్చును. గాని మీ తరపున ఎక్కడనో ఒకరు నిలిచి మాట ఇచ్చుచున్నారు. సంబంధము కుదుర్చు పెద్దకు, పూచీకత్తు సంతకము చేసిన పొరుగువానికి, సరుకు అమ్మిపెట్టు ఏజెంటుకు మీరు దాచిన సంగతి ఏదైన ఉన్నయెడల, అది ఇతరుల నోట వారికి తెలియకమునుపే మీరే వెళ్లి చెప్పుడి.