పక్కూరితో పోటీ ఎటుపోయింది?

లింగంపల్లి దాటి ముంబయి రహదారి ఎక్కిన బస్సులోంచి చూస్తే ఇది కార్ఖానాల దారి. బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్, రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్... షిఫ్టు దిగి వచ్చే కార్మికులు, వరస కట్టిన లారీలు, వాటి పక్కన టీకొట్లు. కాస్త ముందుకెళితే ఇదే దారి చదువుల దారి అయిపోతుంది. రుద్రారంలో గీతం, కంది దగ్గర ఐఐటీ, సంగారెడ్డిలో తారా ప్రభుత్వ కళాశాల, జోగిపేట వైపు మళ్లితే సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల. ఒకదాన్నుంచి ఒకదానికి వెళ్లడానికి బస్సులో గంట చాలు. మరి ఇన్ని కళాశాలల జట్లు ఏటా ఒకరితో ఒకరు తలపడాలిగా?

అలా జరగాలని ఏ నిబంధనా లేదు!

ఐఐటీ హైదరాబాద్ 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలై, 2015లో కందికి మారింది. అక్కడి విద్యార్థులకు అసలైన పండగ 1961 నుంచి నడుస్తున్న ఐఐటీల మధ్య క్రీడోత్సవం. అందులో ప్రత్యర్థులు మద్రాసు, బొంబాయి, ఖరగ్‌పూర్. గీతం విశాఖపట్నం కేంద్రంగా నడిచే డీమ్డ్ విశ్వవిద్యాలయం. సుల్తాన్‌పూర్‌ది జేఎన్‌టీయూ హైదరాబాద్ గూడు. తారా కళాశాలది ఉస్మానియా గొడుగు. దారి ఒకటే, పోటీల పట్టికలు నాలుగు.

చిన్నదైన గొడుగు

కళాశాల ఆటలకు ఒక లెక్కుంది. ముందు ఒకే విశ్వవిద్యాలయం కింద ఉన్న కళాశాలలు తమలో తాము ఆడతాయి. అందులో రాణించినవాళ్లతో విశ్వవిద్యాలయం జట్టు తయారవుతుంది. ఆ జట్టు దక్షిణ మండలం పోటీలకు, అక్కడ గెలిస్తే అఖిల భారత పోటీలకు వెళుతుంది. అంటే, మన ప్రత్యర్థి ఎవరన్నది ఊళ్ల మధ్య దూరాన్ని బట్టి కాదు, అనుబంధాన్ని బట్టి తేలుతుంది.

ఒకప్పుడు ఉస్మానియా గొడుగు చాలా పెద్దది. 1976లో వరంగల్ కేంద్రంగా కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక కూడా మెదక్, నిజామాబాద్, నల్గొండ, మహబూబ్‌నగర్ కళాశాలలు దాని కిందే ఉండేవి. 2006లో నిజామాబాద్ జిల్లాకు తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చింది. 2007లో నల్గొండకు మహాత్మాగాంధీ, 2008లో పాలమూరుకు సొంత విశ్వవిద్యాలయాలు వచ్చాయి. సంగారెడ్డి మాత్రం ఉస్మానియాతోనే ఉండిపోయింది. అదే 2008లో జేఎన్‌టీయూ కూడా హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది.

ఇది మంచి పనే. నిజామాబాద్ పిల్లాడు మార్కుల మెమో కోసం హైదరాబాద్ రానక్కర్లేకుండా పోయింది. కానీ దానితోపాటు ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. సంగారెడ్డి కళాశాల పాలమూరు కళాశాలతో ఆడే వీలు ఆ పట్టికలోంచి చెరిగిపోయింది. ఇక వాళ్లు ఎదురుపడితే ఉస్మానియా, పాలమూరు విశ్వవిద్యాలయాల జట్లుగా దక్షిణ మండలంలోనే ఎదురుపడాలి. అక్కడిదాకా వెళ్లేది కళాశాలకు ఒకరో ఇద్దరో. డిగ్రీ అయ్యాక ఏ ఇస్నాపూర్ కంపెనీలోనో షిఫ్టుకు వెళ్లే మిగతా కుర్రాళ్లకు కళాశాలల మధ్య జరిగే మ్యాచే ప్రపంచకప్పు!

టెక్సాస్ వాళ్లనడగండి

ఈ బాధ మనదొక్కరిదే కాదు. మీ అబ్బాయో, పక్కింటి అమ్మాయో టెక్సాస్‌లో చదువుతుంటే అక్కడి ఫుట్‌బాల్ గురించి ఫోన్‌లో అడిగి చూడండి. మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడేది. అక్కడ కళాశాలలు ‘కాన్ఫరెన్స్’ అనే కూటములుగా ఆడతాయి. టెక్సాస్ విశ్వవిద్యాలయం, టెక్సాస్ ఏ అండ్ ఎం 1894 నుంచీ ప్రత్యర్థులు. ఏ అండ్ ఎం వేరే కూటమికి మారిపోవడంతో 2011 మ్యాచే చివరిదైంది. పదమూడేళ్లపాటు ఒకే రాష్ట్రంలో ఉంటూ కూడా వాళ్లు ఫుట్‌బాల్ ఆడుకోలేదు. చివరికి టెక్సాస్ కూడా అదే కూటమిలో చేరాకే, 2024 నవంబరు 30న మళ్లీ తలపడ్డారు. టెక్సాస్ 17-7తో గెలిచింది.

అక్కడ గీతలు మార్చింది పరిపాలన కాదు, టీవీ హక్కుల డబ్బు. పసిఫిక్ తీరంలోని స్టాన్‌ఫర్డ్ 2024లో అట్లాంటిక్ తీరం పేరున్న కూటమిలో చేరింది. వందేళ్లకు పైగా సాగిన ఓక్లహామా, ఓక్లహామా స్టేట్ ఫుట్‌బాల్ పోరు 2023తో ఆగింది. అదే సమయంలో ఆరెగాన్, ఆరెగాన్ స్టేట్ మాత్రం కూటములు వేరైనా 2024లో తమ మ్యాచ్ తాము పెట్టుకున్నాయి. కూటమి విడిపోతే పోటీ ఆగిపోవాలన్న రూలేమీ లేదన్నమాట. ఇద్దరూ కూర్చుని తేదీ ఖాయం చేసుకోవాలి, అంతే.

ఒక్క జిల్లా... మూడు జట్లు

మళ్లీ మన దారికొద్దాం. 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా మూడైంది... సంగారెడ్డి, సిద్దిపేట, మెదక్. అంతకుముందు మెదక్ జిల్లాకు కేంద్రం సంగారెడ్డే! ఎద్దుమైలారం కర్మాగారానికి ఇప్పటికీ మెదక్ పేరే ఉంది. పటాన్‌చెరు 2007లోనే గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది, కలెక్టరేట్ పని పడితే మాత్రం సంగారెడ్డికి వెళ్లాలి, ఎంపీ ఓటు మెదక్ స్థానానికి వేయాలి.

ఆటల్లో దీనికి రెండు ముఖాలు. కబడ్డీ జట్టంటే పన్నెండు మంది. మూడు జిల్లాలు విడివిడిగా దిగే పోటీల్లో పన్నెండుకు బదులు ముప్ఫై ఆరు మందికి జిల్లా బనియను దక్కుతుంది. ప్రభుత్వోద్యోగాల్లో క్రీడాకారుల కోటా ఉన్న రోజుల్లో అది చిన్న విషయం కాదు. నిన్నటిదాకా ఒకే జట్టుగా కూతకెళ్లిన సంగారెడ్డి, సిద్దిపేట కుర్రాళ్లు ఎదురెదురుగా నిలబడితే కొత్త పోటీ పుడుతుంది. మరోపక్క, పాఠశాల క్రీడల ఎంపికల్లో ‘ఉమ్మడి మెదక్’ అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. జిల్లా పోయినా జట్టు మిగిలింది.

క్రికెట్‌ది ఇంకో కథ. ఆంధ్ర, తెలంగాణ కలిసి 1956లో ఒక్క రాష్ట్రమైనా, రంజీ ట్రోఫీలో హైదరాబాద్, ఆంధ్ర జట్లు విడివిడిగానే ఆడాయి. 1986-87లో హైదరాబాద్ రంజీ గెలిచింది కూడా ఆ పేరుతోనే. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు అందుకే అక్కడ పంచుకోవడానికి జట్టే లేదు. ప్రభుత్వం గీసే గీత, ఆట గీసుకునే గీత ఒకటి కానక్కర్లేదని దీన్ని చూస్తే తెలుస్తుంది.

మైదానాలు ఉన్నాయి

పటాన్‌చెరులో మైత్రి మైదానం ఉంది. సంగారెడ్డిలో అంబేడ్కర్ స్టేడియం ఉంది. ఐఐటీ, గీతం, తారా, సుల్తాన్‌పూర్... ఏటా ఒక ఆదివారం ఈ దారి మీది కళాశాలలు కబడ్డీకో ఫుట్‌బాల్‌కో కలవాలంటే ఏ విశ్వవిద్యాలయమూ విడిపోనక్కర్లేదు, కలవనక్కర్లేదు. ఆ మ్యాచ్‌తో ఎవరికీ దక్షిణ మండలం టిక్కెట్ రాకపోవచ్చు. కానీ చూసేవాళ్లు బస్సెక్కి వస్తారు, ఓడినవాళ్లు వచ్చే ఏటికి లెక్క రాసుకుంటారు. పోటీకి కావాల్సింది అదే... చేరుకోగలిగినంత దూరంలో ఓ ప్రత్యర్థి, ఏటా మారని ఓ తేదీ. మొదటిది ఈ దారి మీద కావాల్సినంత ఉంది. రెండోదాన్ని కళాశాలల వ్యాయామ ఉపాధ్యాయులు ఒక్క సాయంత్రం కూర్చుంటే తేల్చేయొచ్చు.