జార్జి టౌనులో ఆగిన బండి

చెన్నపట్నంలో కారు ఆగిపోవడానికి స్థలాలు చాలా ఉన్నవి. కాని గోవిందప్ప నాయకన్ వీథిలో, నడివేసవి ఎండలో, పదకొండు గంటలవేళ ఆగితే ఆ అనుభవం వేరు. వెనుక చేతిబండ్లు, ముందు మూటలు మోసేవాళ్లు, వెనుక సీటులో ఎనభై రెండేళ్ల మా అమ్మగారు!

ఆమె పుట్టిల్లు ఈ పేటలోనే. కన్యకాపరమేశ్వరి గుడికి ఒకసారి పోదామన్నారు. ఆ పక్కనే కొత్తవాల్ చావడి. ఊరికంతకూ కూరగాయలు పంచిన ఆ మార్కెట్టు 1996లో కోయంబేడుకు తరలిపోయింది. ఇరుకు మాత్రం ఇక్కడనే ఉండిపోయింది. బ్లాక్ టౌన్ అన్న పాతపేరు పోయి ఐదవ జార్జి పేరు వచ్చింది, బ్రాడ్వేకు మన ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. పేర్లు మారినంత సులభంగా వీథులు వెడల్పవుతాయా!

కారు మా నాయనగారిది. వారు పోయి చాలా ఏళ్లయింది. ఏ కంపెనీదైతేనేం, నలభై ఏళ్లు దాటితే ఏ యంత్రమైనా అలుగుతుంది. మరునాడే బేరగాడొకాయన వచ్చి చూస్తానన్నాడు కూడాను.

దారినపోయేవారందరూ వైద్యులే. "పెట్రోలు ఆవిరైంది, పంపుమీద తడిగుడ్డ వేయండి" అన్నారొకరు. ఆ మాట ఉత్తది కాదు. పాతబండ్లలో పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది; వేడికి గొట్టంలో ఆవిరి పుట్టి పెట్రోలును రానివ్వదు. గుడ్డ వేశాం. అరగంటకు బండి కదిలింది. అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాం. వంద గజాలు పోయి మళ్లీ నిలిచింది. నేను సెల్ఫు నొక్కుతూనే ఉన్నాను. తెలివితక్కువ పని, బ్యాటరీ కూడా దిగిపోతే రోగాలు రెండవుతాయి.

అమ్మగారి మొహం కందిపోయింది, మాట తడబడింది. నాకు కాళ్లాడలేదు. ఒక గుడ్డలకొట్టు యజమాని ఆమెను లోపల ఫ్యాను కింద కూర్చోబెట్టి, ఉప్పు వేసిన మజ్జిగ ఇప్పించారు. సందులోంచి ఒక ముసలి మెకానిక్కును పిలిపించినదీ వారే.

"సెల్ఫు తిరుగుతోంది గదా సార్, ఇక చూడవలసినవి రెండే. నిప్పు, పెట్రోలు" అన్నాడతను. నిప్పే ముందు చూశాడు. పెట్రోలు గొట్టం విప్పిన తర్వాత రవ్వ పుట్టించడం ప్రమాదం. కాయిలునుంచి డిస్ట్రిబ్యూటరుకు పోయే లావు తీగను ఊడదీసి, రబ్బరు పిడుల కటింగ్ ప్లేయరుతో ఇనుముకు కాస్త ఎడంగా పట్టుకొని సెల్ఫు నొక్కమన్నాడు. రవ్వ లేదు. మూత తీస్తే లోపల పాయింట్లు నల్లగా మాడి ఉన్నవి.

"కండెన్సరు పోయింది సార్. చల్లగా ఉంటే పనిచేస్తుంది, వేడెక్కితే మానేస్తుంది."

పాయింట్లు విడివడేటప్పుడు అక్కడ రవ్వ ఎగరకుండా ఆపేది వేలెడంత ఆ డబ్బీయే. అది చెడితే ప్లగ్గులకు పోవలసిన బలం పాయింట్లవద్దనే కాలిపోతుంది. ఇందాక అరగంటలో చల్లారినది పంపు కాదు, ఇదన్నమాట!

కొత్తదానికి పుదుపేట పోవాలన్నాడు. అప్పుడు గుర్తుకొచ్చింది, డాష్‌బోర్డు అరలోని తగరపు డబ్బా. చెత్త అనుకొని ఏనాడో పారవేయబోయి మరచినది. అందులో కాగితం చుట్టిన పొట్లం, పైన నాయనగారి దస్తూరీలో "కండెన్సరు." మెకానిక్కు పాయింట్లు సన్నని గరుకు కాగితంతో రుద్ది, ఇంచుమించు 0.4 మిల్లీమీటరు ఎడం పెట్టి, దాన్ని బిగించాడు. ఈసారి నీలిరవ్వ టక్కున దూకింది.

అప్పటికి గుడి మూసేశారు. "సాయంకాలం తీస్తారుగా, ఉందాంరా" అన్నారు అమ్మగారు తేరుకొని. ఉన్నాం.

మరునాడు బేరగాడు వచ్చాడు. ఇంకా ఆలోచించుకోలేదని చెప్పి పంపాను.