జీవాళి

గుంటూరు సీమ నల్లరేగడి నేలలో పల్లెకును పల్లెకును నడుమ అడ్డమేమియు లేదు. ప్రత్తి చేలు, మిరప తోటలు, వాని మీద ఎండ. కొండవీటి కొండల దాపున నిలిచి కేకవేసినచో కొండ బదులు పలుకును. ఆ కొండలను విడిచి ఒంగోలు వైపు సాగినకొలదియు కేక పోవుటయే గాని మరలి వచ్చుట లేదు. ఇట్టి బయలులో పెండ్లి ఊరేగింపు నడువవలెనన్న మేళమునకు గట్టి గొంతు కావలెను. ఆ గొంతు సన్నాయిది. పండితులు దానిని నాదస్వరమందురు. మాఘ ఫాల్గుణములలో కల్లములందు మిరపపండ్లు ఆరుచుండగా, పొరుగూరి సన్నాయి చేలగట్ల మీదుగా వినవచ్చుచుండును.

అంత దూరము పోవు ధ్వనికి మూలమైన వస్తువు బొటనవ్రేలి కొసపాటిది. దాని పేరు జీవాళి. ఏటిగట్ల పెరుగు ఒక జాతి రెల్లుకాడను కోసి, ఎండబెట్టి, నానవేసి, ఉడికించి, అదిమి, రెండు రేకులు ఒకదానిపై నొకటి ఆనునట్లు దారముతో కట్టుదురు. దానిని సన్నని లోహపు గొట్టమునకు తొడిగి సన్నాయి తలపై నమర్తురు. రేకుల నడుమ ఎడము ఎక్కువైనచో ఊపిరి వృథా యగును. తక్కువైనచో నాదము పలుకదు. ఎండకది బిగియును, చెమ్మకు మెత్తబడును. నిన్న పలికినది నేడు పలుకునన్న నమ్మకము లేదు. అందుచేతనే సన్నాయికి జీవాళుల గుత్తియు, దంతముతోనో కొమ్ముతోనో చేసిన సూదియు వ్రేలాడుచుండును. పెండ్లికి వచ్చిన పిల్లలు అవి అలంకారములని తలతురు. నిజమునకు అది మరమ్మతు సామగ్రి.

ముహూర్తము సమీపించి, పురోహితుడు గట్టిమేళమని చేయి యెత్తు క్షణమును తలచుకొనుడు. డోలు సిద్ధముగా నున్నది. వరుని చేత మంగళసూత్ర మున్నది. సరిగా అప్పుడే జీవాళి మూగవోయినచో? విద్వాంసుడు తొట్రుపడడు. సూదిని రేకుల నడుమ దూర్చి ఒక్కమారు త్రిప్పును. నాలుకపై తడిపి మరల నూదును. అప్పటికిని పలుకకున్న గుత్తిలోని మరియొక దానిని తొడుగును. ఆ లోపల డోలువాడు దరువు పెంచి ఖాళీని కప్పివేయును. సభలో ఈ సంగతి ఎవరికిని తెలియదు. ఇంతటి పనితనమునకు చప్పట్లు లేకపోవుట విచిత్రమే.

సన్నాయి దండమునకు వ్రేళ్ళతో మూయదగిన రంధ్రములు 7. క్రిందిభాగమున మరి 5 కలవు. వానిని వ్రేళ్ళు తాకవు. మైనముతో వానిని కొంత మూసి, కొంత తెరచి శ్రుతిని సరిచేసికొందురు. కఱ్ఱయు సామాన్యమైనది కాదు. అప్పుడే నరికిన మ్రాను పనికిరాదు. పాత యిండ్ల దూలములుగా ఏండ్ల తరబడి ఆరిన నారయేపి మేలని పనివారి మాట.

పూర్వపు సన్నాయి పొట్టిది. దానిని తిమిరి యందురు. 4, 5 శ్రుతులలో పలుకు ఆ వాద్యము బయలునకు తగినది. కాని దానిలో నొక లోపముండెను. శుద్ధమధ్యమము తిన్నగా పలుకదు. వ్రేలిని సగము మూసియు, ఊపిరిని అణచియు దానిని రాబట్టవలసియుండెను. తంజావూరు సీమ విద్వాంసుడు టి. ఎన్. రాజరత్నం పిళ్ళె (1898–1956) దీనితో తృప్తిపడలేదు. నరసింగంపేటయందలి శిల్పి రంగనాథన్ ఆచారి పలుమార్లు కొలతలు మార్చి, దండమును పొడిగించి, రంధ్రముల తావులను సవరించెను. అట్లు బారి యను పొడవైన నాదస్వరము రూపొందెను. మధ్యమము కుదిరినది, శ్రుతి దిగి గాత్రమునకు సమీపించినది.

వాద్యమును మార్చి కొత్త ధ్వని రాబట్టుట యితర దేశములలోను జరిగినదే. అమెరికాలో లారెన్స్ హామండ్ అను నతడు తన విద్యుత్ ఆర్గనుకు చర్చిలోని మ్రోత కావలెనని, బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల ఉపాయమును గ్రహించి, పెట్టెలో తీగచుట్టల నమర్చెను. నాదము ఆ స్ప్రింగులలో ముందుకు వెనుకకు పరుగెత్తి ప్రతిధ్వని యగును. 1960 ప్రాంతమున గిటారువారును దానిని చేకొనిరి. కొండ లేని చోట పెట్టెలో కొండను దాచుటవంటిది!

కాని మార్పు ఊరక రాదు. బారిలో రంధ్రముల నడుమ ఎడము హెచ్చు. పొట్టి దండముపై ఆరితేరిన వ్రేళ్ళు మరల పసివారివలె తడుముకొనవలెను. ఊపిరియు ఎక్కువ కావలెను. బయలున తిమిరి పోయినంత దూరము అది పోదు. మైకు వచ్చుటచే ఆ నష్టము కొంత తీరినది గాని, పూర్తిగా తీరినదని తిమిరి విన్నవారు ఒప్పుకొనరు.

ఒంగోలు చేరువనున్న కరవది గ్రామము 1970 వరకు గుంటూరు జిల్లాలోనిది. అచ్చట 1924లో షేక్ చినమౌలానా జన్మించెను. ఈ సీమ సన్నాయి విద్వాంసులలో పలువురు ముస్లిము కుటుంబములవారు. ఆయన కుటుంబమును అట్టిదే. తండ్రి కడను, పిమ్మట చిలకలూరిపేట ఆదం సాహెబు కడను విద్య నేర్చెను. అంతటితో తృప్తిపడినను తప్పు పట్టువారు లేరు. ఆయన తమిళదేశమునకు పోయి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల యెదుట మరల శిష్యుడై కూర్చుండి తంజావూరు బాణీని అభ్యసించెను. శ్రీరంగమున స్థిరపడి రంగనాథుని సన్నిధిని వాయించెను. 1998లో సంగీత కళానిధి యను బిరుదము లభించినది; మరుసటి యేడు కన్నుమూసెను. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించెను. ఆడువారు చేపట్టుట అరుదైన ఈ వాద్యమును కాలీషాబీ చేపట్టుట విశేషము.

బిరుదములు వచ్చినను జీవాళి మాత్రము ఎవరిని ఉపేక్షింపదు. కచేరీనాటి ఉదయమున విద్వాంసుడు గుత్తి విప్పి ఒక్కొక్క జీవాళిని తడిపి ఊదిచూచును. కొన్నిటిని వెంటనే త్రోసివేయును. కొన్నిటి అంచును సన్నగా గీకి మరల చూచును. మేలని తోచిన రెండు మూడింటిని దారమునకు గ్రుచ్చి, సూదిని ప్రక్కనే వ్రేలాడగట్టి బయలుదేరును.