ఆఫీసు కోసం దిగిన ఫోటోలు

మా తాత ఎట్ల ఉండేటోడో నాకు తెల్వదు. మా ఇంట్ల ఆయన ఫోటో లేదు. 1992ల చనిపోయిండు. శేషన్ ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు, 1993ల, ఓటరు గుర్తింపు కార్డులకు హుకుం వచ్చింది. ఆ కార్డు కోసమన్న మా తాత ఒక్కసారి కెమెరా ముందట కూసుండేటోడేమో. ఏడాది ముందుగాల్నే పోయిండు. మా నాయినమ్మకు ఆ భాగ్యం దక్కింది. ఆమె బతికిన డెబ్బై ఏండ్లల్ల దిగిన ఫోటోలు మూడు. ఓటరు కార్డుది ఒకటి, రేషను కార్డుది ఒకటి, ముసలోళ్ల పింఛనుది ఒకటి. మూడూ ఆఫీసు కోసం దిగినయే. మూడిట్ల ఆమె ఎవరో కసిరితె బెదిరినట్టే ఉంటది.

మా మాదిగవాడల ఏ ఇంట్ల చూసినా ఇదే కత. మా గోడలకు మొట్టమొదలు ఎక్కిన మనిషి ఫోటో అంబేద్కర్‌ది. నీలం కోటు, టై, కండ్లద్దాలు. ఆయన పక్కన మా సొంత మనుషులు ఎక్కడానికి మా చిన్నాయిన ఇరవై ఏండ్లు సంచి భుజానేసుకొని తిరిగిండు. ఆయన పని గురించి రాయాలని చాన రోజులసంది అనుకుంటున్న.

చిన్నాయిన పదో తరగతి తప్పి హైదరాబాదుకు అడ్డా కూలికి పోయిండు. మా దిక్కు అది కొత్త సంగతి కాదు. డిండికి ఇవతల దేవరకొండ, అవతల అచ్చంపేట, కల్వకుర్తి. అప్పుడు ఇటు నల్లగొండ జిల్లా, అటు పాలమూరు జిల్లా. పేర్లు వేరు గాని కరువు ఒక్కటే. వాన పడకుంటె మేస్త్రీ దగ్గర బయానా తీసుకొని బస్సెక్కుడే. చిన్నాయిన ఒక స్టూడియోకు సున్నమెయ్యడానికి పోయి, అక్కడ్నే నీళ్లు మోసే పనికి కుదిరిండు. తర్వాత చీకటి గదిల ప్రింట్లు కడిగే పని. మూడేండ్లు కడిగిండు. ఎంత రుద్దినా చేతులకు మందు వాసన పోయేది కాదట. "ఆ చేతులతోని అన్నం తింటుంటె మీ తాత లంద కాడ కూసున్నట్టే ఉండేదిరా" అనేటోడు. మా తాత తంగేడు చెక్క నీళ్లల్ల తోలు నానబెట్టిండు. కొడుకు మందు నీళ్లల్ల కాయితం నానబెట్టిండు. చేతులు పాడుకావుడు మాత్రం ఇద్దరికీ తప్పలేదు.

1995ల కోఠిల ఒక పాత పెంటాక్స్ కె-1000 కెమెరా కొనుక్కొని ఊరికొచ్చిండు. మండల కేంద్రంల స్టూడియో పెడదామని ఒక మడిగె కిరాయికి అడిగిండు. "ఏ ఊరు, ఎవరి పిలగానివి?" అని అడిగి, చెప్పినంక "ఆ మడిగె మా బామ్మర్దికి అనుకున్నం" అన్నరు. ఇంకోకాడ అడిగితె ఇంకో బామ్మర్ది. మూడు మడిగెలు అడిగి ఊకున్నడు. ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్ అనే మాట నేను డిగ్రీల చేరినంక పేపర్ల చదివిన. స్వేచ్ఛగ, ఎవరి కిందా లేకుండ పనిచేసేటోడు అని దానికి అర్థం చెప్తరు. మా చిన్నాయినది మడిగె దొరకక వచ్చిన స్వేచ్ఛ.

దుకాణమంతా ఒక సంచిల ఉండేది. కెమెరా, ఫ్లాషు, పెన్సిలు సెల్లు, దువ్వెన, పౌడరు డబ్బా, రెండు గజాల నీలం బట్ట, ఒక నల్ల కోటు, ముడేసే ఉన్న టై. అంగడి రోజు యాపచెట్టుకు నీలం బట్ట కట్టి దాని ముందట స్టూలు ఏసేటోడు. అదే స్టూడియో. జూన్ వస్తె కాలేజీ అప్లికేషన్ల కోసం పిలగాండ్లు వరుస కట్టేది. మా వాడల ఇంటర్, డిగ్రీ చదివిన మగపిల్లలందరి ఒంటి మీద ఆ ఒక్క కోటే ఉంటది, నా డిగ్రీ హాల్‌టికెట్టు మీద సుత. పొట్టోనికీ పొడుగోనికీ అదే. వెనక గుంజి పిన్నీసు పెట్టేటోడు.

రోలు లెక్క ఇప్పటి పిల్లలకు తెల్వదు. రోలుకు 36 ఫోటోలు. జాగ్రత్తగ ఎక్కిస్తె 37, ఒక్కోసారి 38 వచ్చేది. ఆ ఎక్కువొచ్చిన రెండింట్ల చిన్నాయినకు నచ్చింది తీసుకునేటోడు. పొద్దూకంగ కట్టెలమోపు దించుకుంటున్న మా అమ్మది, డప్పు కాపుకుంటున్న మా నాయినది అట్లొచ్చినయే. రోలు అయిపోయినంక దేవరకొండల బస్సెక్కి హైదరాబాదు కలర్‌ల్యాబుకు పోవాలె, ప్రింట్లు తెచ్చి ఇల్లిల్లు తిరిగి ఇయ్యాలె. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం లగ్గాల నెలలు. మూఢాలు వస్తె సంచి దూలానికి ఏలాడేది, చిన్నాయిన పత్తి ఏరబోయేది. ముందు ఇచ్చే బయానా రోలుకే సరిపోయేది. మిగిలిన పైసల కోసం తిరుగుడే. ఆల్బం చేతికొచ్చినంక ఎవనికి గరజు?

నేను ఆరో తరగతినుంచి ఆయన వెంబడి లైటు పట్టుకొని పోయిన. పెద్దకులాల లగ్గాలకు పిలిచేది, ఎందుకంటే చుట్టుపక్కల పట్నం పని నేర్చినోడు ఆయన ఒక్కడే. దొర ఇంట్ల మా నాయిన ఎన్నడూ గడప దాటలె. వాకిట్ల చెప్పులిడిచి నిలబడేది. అదే ఇంట్ల చిన్నాయిన పందిరి కింది దాకా, దేవునర్ర దాకా పోయిండు. పుస్తె కట్టేటప్పుడు అందరికంటె దగ్గర ఉండేది ఆయననే. కెమెరా కండ్లకు ఆనిచ్చి ఉన్నంతసేపు ఎవరు ఏమనకపోయేది, పైంగ "ఇటు రా, ఇట్ల నిలబడు" అని పిలిచేది. కెమెరా దించినంక మతికొచ్చేది. "ఏయ్ ఫోటో, జరుగు, తగులుతున్నవ్" అనేది. తలంబ్రాలు అయినంక మమ్ముల కొట్టంకాడికి పంపి విస్తరాకులేసేది. ఒక ఇంట్ల మేం బయటికి రాంగనే ముసలామె దేవునర్రల నీళ్లు చల్లింది, నా కండ్లతోని చూసిన. చిన్నాయిన ఆ రోజు తినలె. సైకిలు మీద వస్త "వాళ్ల దేవునర్ర మూడు ఫోటోలల్ల ఉన్నదిరా, ఎన్నిసార్లు కడుగుతరో" అన్నడు. ఆ ఆల్బంల మేమెక్కడా లేం, ఒక్క ఫోటోల అద్దంల లైటు పట్టుకున్న నా చెయ్యి పడ్డది.

లగ్గాలే కాదు, పీనుగలు సుత. పోలీసులు పంచనామకు ఫోటో కావాలంటె చిన్నాయినను తీస్కపోయేది. ఆ పైసలు రావాలంటె నెలలు పట్టేది. 2004ల జీవో 421 వచ్చి, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల పరిహారం, అప్పు కింద యాభై వేలు అన్నంక కాయితాలకు, ఫోటోలకు విలువ పెరిగింది. మా వాడోళ్లు కౌలు చేసేటోళ్లు. పాసుబుక్కు ఇంకొకరి పేరు మీద ఉండేది. మందు తాగి చచ్చినట్టు ఫోటో ఉన్నా, రైతు అని రుజువు లేకపోయేది.

అట్లనే చనిపోయిన ఒక పత్తి కౌలుదారు భార్య దినాలు అయినంక మా ఇంటికొచ్చింది. మొగని ఫోటో ఏదీ లేదు, పోలీసోళ్ల కోసం తీసింది తప్ప. "కండ్లు తెరిచున్నది ఇయ్యి బావా" అన్నది. ఇది మా పనిల ఉన్నదే. ల్యాబుల కంప్యూటరు మీద తలకాయ కత్తిరిచ్చి, గడ్డి తీసేసి నీలం రంగు ఏసి, అంగీ తొడిగిచ్చి, వేరేవాళ్ల కండ్లు తెచ్చి పెడతరు. చిన్నాయిన ఎవరెవరివో పెట్టనీయకపోయేది. చనిపోయినాయన తమ్ముణ్ని యాపచెట్టు కింద కూసుండబెట్టి ఫోటో తీసి, ఆ కండ్లు పెట్టిచ్చిండు. ప్రేము కట్టిచ్చి ఇస్తె ఆమె చాలసేపు చూసింది. "ఇవి మా మరిది కండ్లు" అన్నది. ఏడ్వలె. కొంగుల కట్టుకున్న పైసలు తీసింది. చిన్నాయిన తీసుకోలె. ఆ ఫోటో ఇంకా వాళ్ల గోడకున్నది.

బయటనుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్లనూ చూసిన. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు ఊర్లకు హైదరాబాదు, ఢిల్లీలనుంచి కార్లల్ల వచ్చేటోళ్లు. తోవ చూపియ్యడానికి చిన్నాయినను ఎక్కిచ్చుకునేది. వంగిన కాళ్లను, పచ్చబడ్డ పండ్లను తీసుకొని పొద్దూకకముందే పోయేటోళ్లు. శివన్నగూడెం అంశాల స్వామిని 2003ల ఢిల్లీ తీస్కపోయి ప్రధాని వాజ్‌పేయి ముందట టేబులు మీద ఉంచిండ్రు. ఆ ఫోటో లోకమంతా చూసింది. ఆయన 2023 జనవరిల చనిపోయిండు. ఆ ఫోటోలు లేకపోతె మా నీళ్ల గోస సర్కారు చెవికి ఎక్కేదే కాదు, నేను కాదనను. కాని వాటిల్ల చానమందికి పేరు లేదు. కార్లు పోయినంక ఒకామె చిన్నాయినను పిలిచి "నాది కుర్సీల కూసున్నది ఒకటి తియ్యి, కాళ్ల మీద శాలువ కప్పుకుంట" అన్నది. 37వ ఫోటో ఆమెది.

అమెరికాల గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి ఫోటోగ్రాఫరు ఉండె. తాకట్టు దుకాణంల కొన్న కెమెరాతోని పని మొదలుపెట్టిండు. 1942ల వాషింగ్టన్ల సర్కారు ఆఫీసు ఊడ్చే ఎల్లా వాట్సన్‌ను జెండా ముందట చీపురుతోని నిలబెట్టి తీసిండు. ఆ ఫోటో అందరికీ తెలుసు. ఆ తర్వాత ఆమె ఇంటికి పోయి మనుమలతోని, గుడిల ప్రార్థన చేస్తుంటె తీసినయ్ చాన ఉన్నయ్. నాకు అవే ఇష్టం. మన దగ్గర వరంగల్లుకు చెందిన భరత్ భూషణ్, 2022ల చనిపోయిండు, తెలంగాణ పల్లె తలుపులను, బతుకమ్మను, ఆడోళ్లను అట్లా ప్రేమగా తీసిండు. అంతకుముందు నిజాం కొలువుల రాజా దీన్ దయాళ్ ఉండె. మహళ్లను, షికార్లను బాగా తీసిండట. ఆగస్టు 19న మా మండలం ఫోటోగ్రాఫర్ల సంఘం ఫ్రాన్సు దేశపు డాగురేకు దండేస్తది. దండ ఏసుడు ఫోటో తీసే పని మా చిన్నాయినకు చెప్పేది. ఆయన ఏ ఏడు ఫోటోలనూ లేడు.

డిజిటల్ వచ్చింది, కరిజ్మా ఆల్బములు వచ్చినయ్. అప్పు చేసి ఒక డిజిటల్ కెమెరా కొన్నడు, అప్పు తీరకముందే అందరి చేతులల్లకు ఫోన్లు వచ్చినయ్. డ్రోన్లు తెచ్చే పిలగాండ్లతోని ఏం పోటీ పడ్తడు. ఇప్పుడు ఎండకాలం ఉపాధి హామీ పనికి పోతున్నడు. అక్కడ 2023 నుంచి ఫోన్ల యాప్‌తోనే హాజరు. పొద్దున ఒకసారి, పని అయినంక ఒకసారి కూలోళ్లను నిలబెట్టి ఫోటో తీస్తరు. మా వాడోళ్లు ఇన్ని ఫోటోలు ఎన్నడూ దిగలె. మొన్న మేటు పిల్లకు చిన్నాయిన చెప్పిండట: "బిడ్డా, ఎండకు ఎదురుంగ నిలబడి తీయకు, మొకాలు నల్లగ పడ్తయ్." ఆ పిల్ల ఏం చేస్తది పాపం, "తాతా, మొకాలెవరు చూస్తరు, తలకాయలు లెక్కకొస్తె చాలు" అన్నదట.

టీఆర్‌టీల నాకు పంతులు కొలువు వచ్చినంక చిన్నాయిన ట్రంకుపెట్టె మా ఇంటికి తెచ్చుకున్న. నిండా నెగెటివులు. కొన్నిటికి బూజు పట్టింది. సెలవులల్ల ఒక్కొక్క స్ట్రిప్పు స్కాను చేస్తున్న. చిన్నాయిన పక్కన కూసొని పేర్లు చెప్తడు, నేను నోటుబుక్కుల రాసుకుంట. ఇంటిపేరు, మొగని పేరు కాదు, పిలిచే పేరు. ఆయనకు ఇప్పుడు ఒక కన్ను సరిగ కనపడ్తలేదు. పెట్టెల ఇంకా సగం మిగిలున్నయ్.