పెట్టె సర్దుతున్న పూతలపట్టు

కొత్త ట్రంకు పెట్టె. దాని మీద తెల్ల పెయింటుతో రాసిన పేరు. పక్కన ప్లాస్టిక్ బకెట్, అందులో మగ్గు, చుట్టి కట్టిన దుప్పటి. మామిడికాయల లారీలు బారులు తీరే రోజుల్లో పూతలపట్టు కూడలిలో ఇలాంటి సామానుతో ఓ కుటుంబం బస్సు కోసం నిలబడి ఉంటే ‘ఏ ఊరికి?’ అని ఎవరూ అడగరు. ‘ఏ బడికి?’ అని అడుగుతారు!

కర్నూలు నుంచి కడప మీదుగా చిత్తూరుకు వచ్చే 40వ నంబరు జాతీయ రహదారి, తిరుపతి నుంచి వచ్చే 140వ నంబరు రహదారి కలిసేది ఇక్కడే. కంబ రామాయణాన్ని తెలుగులోకి తెచ్చిన పూతలపట్టు శ్రీరాములురెడ్డి వల్ల ఈ పేరు సాహిత్యాభిమానులకు తెలుసు. మిగతావాళ్లకు ఇది కాణిపాకం దారిలో తగిలే ఊరు. పిల్లలున్న ఇళ్లకు మాత్రం ఇక్కడి ఒక్కో దారి ఒక్కో రకం చదువు. చిత్తూరు వైపు పొద్దున్నే పసుపుపచ్చ బస్సులు పోతాయి, సాయంత్రానికి పిల్లల్ని తెచ్చి దింపుతాయి. తిరుపతి వైపు పెద్ద చదువులు. పీలేరు వైపు వెళ్లేదే అసలు దారి... ఆ దారిన వెళ్లిన పిల్లలు సాయంత్రానికి తిరిగి రారు.

దామలచెరువు, కల్లూరు దాటి పీలేరు చేరితే అక్కడి నుంచి కలికిరి. 2014లో సైనిక్ స్కూలు మొదలైంది అక్కడే. విజయనగరం జిల్లా కోరుకొండలో 1962 నుంచి ఉన్న బడి తర్వాత రాష్ట్రానికి అది రెండోది. ఇంకా ముందుకెళ్తే వాయల్పాడు, మదనపల్లె. మదనపల్లె దగ్గరి వలసపల్లెలో జవహర్ నవోదయ విద్యాలయం ఉంది. ఆ చుట్టుపక్కలే జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో పుట్టిన రిషివ్యాలీ. చల్లటి గాలి కోసం ఒకప్పుడు రోగులు వెతుక్కుంటూ వచ్చిన మదనపల్లెకు చదువుల పేరూ పాతదే. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లిషులోకి మార్చింది ఆ ఊరి బీసెంట్ కాలేజీలో ఉన్నప్పుడే. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు మదనపల్లె చిత్తూరు జిల్లాలోంచి వెళ్లిపోయింది. పూతలపట్టు ఇక్కడే ఉండిపోయింది. బస్సు దారి మాత్రం మారలేదు... అటూ ఇటూగా మూడు గంటలు.

సంగటి ముద్ద దగ్గర పంచాయితీ

రిషివ్యాలీ ఫీజు కట్టగల ఇళ్లు ఈ పల్లెల్లో వేళ్ల మీద లెక్కపెట్టాలి. సైనిక్ స్కూల్లోనూ ఫీజు ఉంది, ఉపకార వేతనం దొరికితే భారం తగ్గుతుంది. అందుకే మామిడి తోటనో రెండు ఆవుల పాడినో నమ్ముకున్న ఇంట్లో చర్చ నవోదయ దగ్గరే ఆగుతుంది. తిండి, పడక, యూనిఫాం, పుస్తకాలు అన్నీ ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి నెలకు 600 రూపాయలు కట్టాలి. ఆడపిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దారిద్య్రరేఖకు దిగువనున్న కుటుంబాలకు అదీ లేదు.

తోతాపురి కాయ బాగా ధర పలికిన ఏడాది ఇంట్లో ఈ మాట గట్టిగా రాదు. పలకని ఏడాది వస్తుంది. 2025లో కొనేవాళ్లు లేక గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. కిలోకు 4 రూపాయల చొప్పున ప్రభుత్వమే సాయం ప్రకటించాల్సి వచ్చింది. బడులు తెరిచేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. కాయ అమ్మిన డబ్బుతో ఫీజు కట్టాలనుకున్న తండ్రికి ‘ఉచితం’ అన్న మాట ఎంత పెద్దగా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు.

‘‘పదేండ్ల బిడ్డను ఆడ విడిచిపెట్టి మీకు సంగటి ఎట్ల దిగుతుందిరా?’’ అంటుంది అవ్వ.

‘‘నేను పడినట్ల వాడు పడకూడదు మా’’ అంటాడు కొడుకు.

తల్లి ఏమీ అనదు. రాత్రిపూట బిడ్డకు దాహమైతే నీళ్లెవరిస్తారన్నది ఆమె దిగులు. పైకి చెబితే నవ్వుతారేమోనని చెప్పదు. ఇక బిడ్డకేమో ఒకటే ప్రశ్న... ‘‘ఆడ క్రికెట్ ఆడనిస్తారా నాయనా?’’

పిల్లల్ని దూరంగా ఉంచి చదివించడం మనకు కొత్త కాదు. పీవీ నరసింహారావు చొరవతో 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో తొలి గురుకులం మొదలైంది. ఆ తర్వాత మన సీమలోనే కొడిగెనహళ్లి గురుకులం వచ్చింది. అక్కడ సీటొచ్చిందంటే ఊరంతా చెప్పుకొనేవారు. 1986 జాతీయ విద్యా విధానంతో నవోదయలు దేశమంతా విస్తరించాయి, హిందీ విషయంలో పట్టుదలగా ఉన్న తమిళనాడు మినహా. పూతలపట్టుకు అంత దగ్గరున్న ఆ సరిహద్దు దాటితే అవతలి పల్లె పిల్లలకు ఈ పరీక్ష ఊసే లేదు. ఇవతలి పిల్లలకు అదే పెద్ద పండగ, పెద్ద గండం కూడా.

ఒక్క రోజు తేడా!

గండం అనడానికి కారణాలున్నాయి. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయాలి. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు బొమ్మల్ని చూసి పోలికలు, తేడాలు పట్టుకునే మేధాశక్తి ప్రశ్నలకే. మిగతా సగం లెక్కలకు, భాషకు. తెలుగులోనూ రాయొచ్చు. జిల్లా మొత్తానికి 80 సీట్లు. వాటిలో మూడొంతులు పల్లె పిల్లలవే, మూడింట ఒక వంతైనా ఆడపిల్లలకు దక్కాలి.

ఈ ‘పల్లె పిల్లలు’ అన్నచోటే చాలామంది తల్లిదండ్రులు బోల్తా పడుతున్నారు. పిల్లాడు పల్లెలో ఉంటే చాలదు. 3, 4, 5 తరగతులు పల్లెలోని బడిలోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణంలోని బడిలో చదివినా పట్టణ అభ్యర్థి కిందే లెక్క! నాలుగో తరగతిలో ఇంగ్లిషు కోసమని పసుపుపచ్చ బస్సెక్కించి చిత్తూరుకు పంపిన పిల్లాడు పాలవాసన పోని పూతలపట్టు పల్లెలోనే నిద్రపోతున్నా, దరఖాస్తులో మాత్రం పట్నంవాడు. మంచి చదువు కోసం వేసిన మొదటి అడుగే రెండో అడుగుకు అడ్డం పడుతుంది. రెండో తరగతిలోనే ఈ సంగతి తెలిసినవాళ్లు అదృష్టవంతులు.

ఇంకో చిత్రం... ఈ హాస్టల్ బడిలో సీటు కోసం నాలుగో తరగతి పిల్లల్నే కోచింగ్ హాస్టళ్లలో వేసేవాళ్లున్నారు. పదకొండో ఏట పంపాలా వద్దా అని ఇంట్లో ఇంకా తేలనే లేదు, పిల్లాడు తొమ్మిదో ఏటే వెళ్లిపోయాడు! ఇందులో తల్లిదండ్రుల్ని తప్పుపట్టడం తేలిక. ఉన్నది ఒక్క అవకాశమే కదా మరి.

ఒకటి మాత్రం నిజం. పరీక్షకు ఏడాదంతా తయారుచేస్తారు. ఫలితం వచ్చాక పెట్టె కొనడానికి ఒక్కరోజు చాలు. ఆ రెంటికీ మధ్య పిల్లాణ్ని ఇంటికి దూరంగా ఉండేందుకు తయారుచేయాలన్నది చాలా ఇళ్లలో ఎవరికీ గుర్తుండదు.

పెట్టెలో పట్టనివి

ఇంట్లో ఎవరైనా ఇప్పటికే హాస్టల్లో చదివి ఉంటే ఆ తేడా తెలిసిపోతుంది. అక్క తమ్ముడికి నేర్పేవి ఏ జాబితాలోనూ ఉండవు. లోబట్టల మీద కూడా నంబరు రాసుకోవడం. చొక్కా కాలరుకు సబ్బు ఎక్కడ రుద్దాలో, ఉతికిన బట్టలు తీగ మీద ఆరేసి అక్కడే ఓ కన్నేసి ఉంచడం. అవ్వ పక్కన కాకుండా వేరే మంచం మీద పడుకోవడం. తిన్న కంచం కడుక్కోవడం. కడుపునొప్పి వస్తే ఓర్చుకోకుండా వార్డెన్‌కు చెప్పడం. ఆడపిల్లకైతే అద్దం ముందు తన జడ తనే వేసుకోవడం. వేసవి సెలవుల్లో పాయ వంకరగా వచ్చిన ప్రతిసారీ తల్లి చెయ్యి ముందుకొస్తుంది. ఆ చెయ్యి వెనక్కి లాక్కోవడమే ఆమె నేర్చుకోవాల్సింది!

తొమ్మిదో తరగతికి వచ్చాక మరో సంగతి ఉంది. 30 శాతం దాకా పిల్లల్ని ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని మరో నవోదయకు పంపే ఏర్పాటు ఉంది. అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు. మూడు గంటల దూరానికే కుమిలిపోయిన ఇంట్లో దీన్ని ఆరో తరగతిలోనే చెప్పుకోవాలి. పిల్లలకు అది రైలు ప్రయాణం, కొత్త స్నేహితులు. పెద్దలకే నిద్ర పట్టదు.

బయలుదేరే ముందు కాణిపాకం వెళ్లిరావడం ఇక్కడి ఇళ్లలో మామూలే. ఆ వినాయకుడి ఎదుట చేసిన ప్రమాణం తప్పకూడదని నమ్మకం. తెలివైన తల్లి అక్కడ ‘‘ఏడవనని చెప్పు’’ అని బిడ్డను అడగదు. ఏడుస్తాడని ఆమెకు తెలుసు. తన సంగతీ తెలుసు.

వెళ్లే రోజు డబ్బాలో నిప్పట్లు, కజ్జికాయలు, ఊరగాయ. డార్మిటరీలో పది మంది చేతులు పడితే మర్నాటికే ఖాళీ. ఆ డబ్బా వల్లే తొలి స్నేహాలు కుదురుతాయి కాబట్టి అవ్వలు నాలుగు ఎక్కువే పెడతారు. తల్లిదండ్రులు చూసిపోయే ఆదివారం ఎప్పుడో బడిలో ముందే చెబుతారు. ఇంటికి రాగానే క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీస్తారు. మొదటి నెలలో ఫోను దొరికినప్పుడల్లా ‘‘వచ్చి తీసుకుపోండి’’ అనే పిల్లలు ఎక్కువే. పరుగున వెళ్లాలా, ఆ ఆదివారం దాకా ఆగాలా? ఆగలేక వెళ్లి పెట్టెతో సహా తెచ్చుకున్నవాళ్లున్నారు. కొందరికి అదే మేలు జరిగింది. అందరు పిల్లలకీ ఒకే తూకం వేస్తే ఎట్లా?

సాయంత్రం పీలేరు బస్సు పూతలపట్టు కూడలిలో ఆగుతుంది. పొద్దున ముగ్గురు ఎక్కారు, ఇద్దరే దిగుతారు. చేతుల్లో సామాను లేదు. ఇంట్లో చిన్నది అప్పుడే అన్న మంచం మీద చోటు పట్టేసి ఉంటుంది. తల్లి అలవాటుగా సంగటి ముద్దలు చేసి పెడుతుంది... ఒకటి ఎక్కువే అవుతుంది. పెట్టెకు రెండు తాళంచెవులు. ఒకటి బిడ్డ మొలతాటికి కట్టి వచ్చింది. రెండోది కొంగుముడిలో ఉంది.